ఇంటివాళ్ళు ఒడ్డునుంటేనే ఎత్తే పాట

ఈ ఉదయం తుఫాను హెచ్చరిక ఆటో మా ఆర్యపల్లి వీధిలోకి వచ్చి, పడవలన్నీ ఒడ్డుకు లాగెయ్యండని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి మైకులో అరిచి పోయింది. తుఫానంటే నాకంత భయం లేదు, ఎన్ని చూడలేదు! మైకు చేసే ఆ గరగరంటేనే భయం. ఇంతలో చెల్లెలి కూతురు ఫోను చేసింది. "పెద్దమ్మా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి గదా. ఇయ్యాలైనా ఆ పాట పాడతావేటి? ఫోన్లో పట్టుకుంతాను," అంది.

ఆ పాట సంగతి చెప్పాలి. నా పెనిమిటి వేటకెళ్ళి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. అలా పోయినవాణ్ణి ఏడాదికొకసారి, పోయిన రోజున, నీళ్ళ అంచున నిలబడి భార్య పాటతో పిలుస్తుంది. ఆ పిలుపు ఎప్పుడు, ఎక్కడ ఎత్తినా వాడు విని పైకి వస్తాడంటారు. అందుకే ఆ ఇంటి మగవాళ్ళెవరూ అప్పుడు నీళ్ళమీద ఉండకూడదు. ఉంటే, పైకొచ్చినవాడు తోడుకి వాళ్ళను పట్టుకుపోతాడు. నేను పాడినప్పుడల్లా కొడుకు నా పక్కనే నిలబడేవాడు. వాడి చొక్కా కొస నా చేతిలో ఉండేది.

చెల్లెలి కూతురు చాలా ఏళ్ళ కిందట బరంపురంలో ఉండి, యూనివర్సిటీలో మావాళ్ళ పాటల మీద చదివేది. అక్కడేదో సెమినారట, ఎక్కడెక్కడి పంతుళ్ళో వస్తారట, తను కాగితం చదవాలట, నడుమ నేను పాడాలట. కొడుకు కూడా వస్తేనే అన్నాను. వాడికి సిగ్గు. "ఆ పంతుళ్ళ మజ్జిన నానేటి సేస్తానే అమ్మా? ఒడ్డునే కూకుని వల బాగుసేసుకుంతాను, నువ్వెల్లు," అన్నాడు. నమ్మి, నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన పిల్లతో బయల్దేరాను. ఛత్రపూర్‌లో బస్సు ఆగితే, మా వెనకే ఆటోలో వచ్చిన మా వీధి ఆవిడ చేపల గంప దించుతూ కిటికీ దగ్గర నవ్వింది: "నీ కొడుకు బలేవోడే వదినా. ఎవలదో బోటుకి మనిసి తక్కువైతే ఎక్కీసి ఎల్లిపోనాడు."

అక్కడే దిగిపోదామనుకున్నాను. పక్కనున్న పిల్ల ముఖం వెలిగిపోతోంది. దానికి వినపడలేదు, నేనూ చెప్పలేదు.

అక్కడ పెద్ద హాలు. లేచిన ప్రతివాడూ ముందు మైకు నెత్తిమీద వేలితో కొట్టి, కుండ కొనేవాడిలా విని, అప్పుడు మాట్లాడేవాడు. కూర్చున్నవాళ్ళలో కొందరు హాయిగా నిద్రపోయారు. నాకు మాత్రం ఆ గరగరలో సముద్రమే వినపడింది. గాలికి కిటికీ రెక్క దబ్బుమన్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఒడ్డు దూరమే, కానీ పిలుపుకి దూరమేమిటి?

నన్ను పిలిచారు. మైకు ముందుకెళ్ళి, "నా కొడుకు నీళ్ళమీదున్నాడు బాబూ. నాను పాడను," అన్నాను.

పిల్ల ముఖం పాలిపోయింది. "ఒక్క ముక్కేనే పెద్దమ్మా. ఊరికే, ఈళ్ళకి సూపించడానికి," అని చెవిలో బతిమాలింది.

"పిలుపులో ఊరికే ఏటుందే? మీ అన్న రాపోతే నువ్వు తెత్తావేటి?" అన్నాను. అది కూడా మైకులో పడి హాలంతా మోగింది.

ముందు వరసలోని ముసలి పంతులుగారు ఏమైందని ఒడియాలో అడిగారు. పిల్ల చెప్పింది. ఆయన నవ్వలేదు. పడవ వచ్చాకే పాట అన్నారు. అప్పటికి సెల్లులు లేవు, మా ఊళ్ళో ఒక్క ఫోను బూత్. పిల్ల గేటు బయటి బూత్‌కి పరుగెత్తింది. పడవ రాలేదు. భోజనాలప్పుడు మళ్ళీ వెళ్ళింది. రాలేదు. నా విస్తట్లో అన్నం ఎండిపోయింది. పొద్దు వాలేవేళ వగరుస్తూ వచ్చింది: "ఒచ్చీసాడే పెద్దమ్మా! సెమినార్లో నీకేటి పెట్టారని అడుగుతున్నాడు!"

మళ్ళీ మైకు ముందు నిలబెట్టారు. నోరు తెరిచాను. పాట రాలేదు. వాడు ఒడ్డెక్కాడు, నిజమే. కానీ చొక్కా కొస నా చేతిలో లేదే! పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. ఒక చేత్తో నా కొంగు, ఒక చేత్తో కాగితం పట్టుకుని, పాట లేకుండానే చదివేసింది.

ఇప్పుడు అదే పంతులమ్మ. ఇవాళ ఫోనులో అది అన్నదీ నిజమే, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. కొడుకు కూడా అరుగుమీద బీడీ కాలుస్తున్నాడు. "మరి నీ మేనల్లుడేడే?" అన్నాను. నా మనవడు కేరళలో ఎవరిదో బోటు మీద ఉన్నాడు. ఒకప్పుడు ఒక్క చొక్కా కొస పట్టుకుంటే ఇల్లంతా ఒడ్డునున్నట్టే. ఏళ్ళు గడిచినా నా చెయ్యి అంతే ఉంది, సముద్రమే పొడుగైపోయింది.