పిన్ని ఇచ్చిన శ్రుతి

మొన్న ఆబిడ్స్‌లో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా అంతట నేను కాదు లెండి, మా ఇంటి టీవీ గోల వీధి చివరిదాకా వినిపిస్తోందని కోడలు పోరుపెడితే వెళ్లాను. అక్కడి అమ్మాయి నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా ఈ మీట నొక్కండి ఆంటీ అని చెప్పి తలుపు వేసింది. తలుపు పడగానే బయటి బస్సుల రొద ఠక్కున తెగిపోయి, ఎక్కణ్ణించో సన్నగా, ఊపిరి తీసుకోని గొంతులాగా, ఒక స్వరం వచ్చింది. ఆ తర్వాత చప్పుడేమీ లేనప్పుడు కూడా నేను మీట నొక్కుతూనే ఉన్నానట. ఆ పిల్ల తలుపు తీసి, ఏమీ లేకుండానే ఏం వింటున్నారు ఆంటీ అని నవ్వింది. నాంపల్లి స్టేషను వెనక సందులో ఎప్పుడో విన్నదాన్ని వింటున్నానని చెబితే ఇంకో పరీక్ష రాసిచ్చేవారు, అందుకని నోరు మూసుకుని వచ్చేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో హార్మోనియం పక్కన కొత్తగా, మెట్లు నొక్కితే స్వరాలు పలికే ఒక కరెంటు పెట్టె వచ్చి చేరింది. విదేశీ వాద్యం కొనే తాహతు లేక, కోఠీ దుకాణాల్లో పాత రేడియోల విడిభాగాలు ఏరుకొచ్చి సొంతంగా చేసుకున్న పెట్టెలవి. నేను నలభై దాటాక, ఆబిడ్స్‌లో ఒక వారపత్రికలో పనిచేస్తూ, అప్పటికే తలలు పండిపోయిన ఆ తొలితరం వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల సంగీతం గురించీ, బతుకుల గురించీ అడిగి రాసేదాన్ని. హిమాయత్‌నగర్‌లో ఒకావిడ నాటకాల కోసం పెట్టెలోంచి వానా ఉరుమూ పుట్టించేది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు ఆరేసిన వడియాలు లోపలికి తెచ్చుకున్నారని చెప్పి పడీ పడీ నవ్వింది మహాతల్లి. అందరిదీ ఒకటే గోడు, సంగీతం తెలిసినవాళ్లు మమ్మల్ని మెకానిక్కులన్నారు, మెకానిక్కులేమో పిచ్చివాళ్లన్నారు అని.

ఇందరిని వెతుక్కుంటూ తిరిగినదాన్ని, సొంత బాబాయిని మాత్రం అందరికంటే ఆఖర్న అడిగాను. అడగాలంటే పిన్ని మాట రావాలి, పిన్ని పోయి అప్పటికి చాలా ఏళ్లయినా ఆ ఇంట్లో ఆమె మాట ఎత్తడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

బాబాయిది ఉస్మాన్‌గంజ్‌లో వ్యాపారం చేసుకునే కుటుంబం. గల్లా మీద కూర్చోమంటే కూర్చోకుండా రేడియోలు విప్పుకుంటూ తిరిగిన మనిషి. మా అమ్మ చెల్లెల్ని, కోస్తా నుంచి వచ్చిన పంతులమ్మని, ఇరువైపులా వద్దంటున్నా పెళ్లి చేసుకుని నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయికి మేడమీద గది తీసుకున్నాడు. ఆయనా అలాంటి పెట్టె ఒకటి చేశాడు, అది వేడెక్కితే శ్రుతి జారిపోయేది. అందుకని వాయించబోయే ముందు పిన్ని వచ్చి పెట్టె పక్కన నిలబడి, చేతిలో ఏ పని ఉంటే ఆ పనితోనే, సా అని నిలిపి పట్టేది. బాబాయి లోపలి మర తిప్పుతూ, తిప్పుతూ, పెట్టె గొంతూ పిన్ని గొంతూ రెండూ కలిసి ఒకటయ్యేదాకా తిప్పేవాడు. కలిసిన క్షణాన పిన్ని ఉందో లేదో తెలిసేది కాదు. నా చిన్నప్పుడు అది చూస్తుంటే ఎందుకో భయం వేసి ఆమె కొంగు పట్టుకునేదాన్ని.

టేపుమీద రికార్డు చేసే ముందు మాత్రం ఫ్యాను కట్టేసేవారు, కిటికీ మూసేవారు, పిన్ని గడప దాటి మెట్లమీద కూర్చునేది. రికార్డింగంటే ఇంట్లో వాళ్లెవరూ చప్పుడు చేయకూడదు కదా! అలా బాబాయి సంగీతమంతా టేపులకెక్కింది గానీ, ఆ సంగీతానికి శ్రుతి ఇచ్చిన గొంతు ఒక్క టేపులోనూ లేకుండా పోయింది. ఆమె పోయాక ఆ సంగతి తెలిసొచ్చి, ప్రతి టేపూ మొదట్లో చివర్లో చెవి ఆనించి వెతికాడట. దగ్గు కూడా దొరకలేదన్నాడు నాతో. ఆ మాట రాసుకోబోయి కలం పక్కన పెట్టేశాను.

ఆయనకు మిగిలింది ఒక్కటే. పిన్నికి జబ్బు ముదిరి మాటిమాటికీ లేచి పాడే ఓపిక లేకపోయేసరికి, బాబాయి శ్రుతి జారకుండా పెట్టె లోపలంతా మార్చి కట్టి, మంచం పక్కకు తెచ్చి, ఆఖరిసారి ఆమె చేత సా పట్టించి, మర కదలకుండా దానిమీద ఎర్ర లక్క కరిగించి పోశాడు. ఇక నీకు శ్రమ లేదు అన్నాడట. ఆమె పోయాక రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి, అందరూ దేవుడి ముందు దీపం పెట్టినట్టు, పెట్టె వేసి ఆ ఒక్క స్వరం కాసేపు వినేవాడు. వేరే ఏదీ వాయించేవాడు కాదు.

నేను ప్రశ్నలు పట్టుకుని వెళ్లడం మొదలుపెట్టిన ఆ వేసవిలో ఆయనకో పీడ పట్టుకుంది. సా జర పైకెక్కి కూసున్నది బిడ్డా, మీ పిన్ని గిట్ల పాడలే, అనేవాడు. నాకేమీ తేడా తెలియలేదు, ఆ మాటే చెప్పాను. వినలేదు. నేను వెళ్లినప్పుడల్లా అదే పాట. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు, ఎవరో పరాయి మనిషి ఇంట్లో చేరి పిన్ని చీర కట్టుకుని తిరుగుతున్నట్టుంది అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో ఒక్కదాన్నీ కూర్చోలేక, ఆయన ఏ పనిమీద కిందికి దిగినా నేనూ వెంట దిగేదాన్ని.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం, నీది మీ పిన్ని గొంతే, నువ్వు పట్టు, అన్నాడు. చాకు కొనతో లక్క గీకేశాడు. నేను పిన్ని నిలబడే చోటే నిలబడి, నాకు గుర్తున్నంతలో సా పట్టాను. బాబాయి కళ్లు మూసుకుని మర తిప్పాడు. కాస్త కిందికి, ఇంకాస్త కిందికి. రెండు గొంతులూ కలిశాయి. ఆయన ముఖం వెలిగిపోయింది, ఔ, గిదే, గిదే అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను. ఆ సంబరంలో, టేపుతో కలిపి వాయిస్తానని పిన్ని ఉన్నప్పటి టేపు ఒకటి ఎక్కించాడు.

కలవలేదు. టేపులో స్వరం పైనెక్కడో ఉంది, పెట్టె కిందెక్కడో ఉంది. టేపు పాడైందన్నాడు. ఇంకోటి ఎక్కించాడు. ఇంకోటి. పిన్ని బతికుండగా శ్రుతి చేసిన ఆ టేపులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తున్నాయి, మా పెట్టెతోనే కలవడం లేదు. బాబాయి నెమ్మదిగా కుర్చీలో కూలబడి, తప్పింది మిషన్ గాదు బిడ్డా, నా చెవి, అన్నాడు. మీ పిన్ని ఆడనే ఉండె. నేనే తీసి పారేసిన.

టేపు విని మళ్లీ పైకి తిప్పుకుందాం బాబాయ్ అని బతిమాలాను. మిషన్‌ను చూసి మిషన్‌ను దిద్దుడైతది, అండ్ల మీ పిన్ని ఏడున్నది, అన్నాడు. కుర్చీ దిగి, కింద రాలిన లక్క పొడి అరచేత్తో దగ్గరికి తీస్తూ చాలాసేపు నేలమీదే ఉండిపోయాడు. ఆ మరను ఆయన మళ్లీ ముట్టుకోలేదు, పొద్దుటిపూట పెట్టె వేయడమూ మానేశాడు. నేను పత్రికకు ఆ వ్యాసం ఇవ్వలేదు. తర్వాత బాబాయి ఎక్కువకాలం లేడు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ఫోన్లలో గొంతులే గొంతులు, పసివాళ్ల కేరింతలు, పోయినవాళ్ల కబుర్లు, పప్పులో ఉప్పెక్కువైందన్న సణుగుడు కూడా భద్రంగా ఉంటుంది. ఎవరూ గడప దాటి మెట్లమీద కూర్చోనక్కర్లేదు. మంచిదే, నేనేం ఈర్ష్యపడను. ఈ కాలంలో అయితే మా పిన్ని బతికిపోయేది అనుకుంటాను, పిచ్చిదాన్ని, బతికిపోయేది అని ఎందుకంటానో నాకే తెలియదు.

బాబాయి పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేస్తాను. ఆ వేసవినాటి నా గొంతు అందులోంచి నిక్కచ్చిగా పలుకుతుంది. వెంటనే ఆపేసి, పిన్ని ఎలా పట్టేదో గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకుంటాను. ఎంత ప్రయత్నించినా వినిపించేది నేనే.