తాండూరు హాస్టల్‌లో పచ్చబడిన బిళ్ళ

ఉద్యోగంలో నా చివరి ఏడాది, వేసవి ముగిసే రోజుల్లో, కోడిమాంసం ప్యాక్ చేసే మా సంస్థ నన్ను వికారాబాద్ యూనిట్‌కు క్వాలిటీ మేనేజర్‌గా బదిలీ చేసింది. సరుకు బాగుందో లేదో తేల్చే చివరి మాట నాది. దానితోపాటు రంగు బిళ్ళల ప్రయోగం కూడా నాకే అప్పగించారు.

శంఖుపూల నుంచి తీసిన రంగును పిండితో చేసిన పల్చటి పొరలో కలిపి, రూపాయి బిళ్ళంత ముక్కలుగా కత్తిరిస్తారు. ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలిసిపోతుంది. మాంసం చెడేటప్పుడు అమోనియా వంటి క్షార వాయువులు వెలువడతాయి. అవి తగిలితే ఊదారంగు బిళ్ళ నీలమై, చివరికి ఆకులా పచ్చబడుతుంది. పచ్చబడితే పారేయాలి. నియమం ఇంతే.

ఈ బిళ్ళలున్న మాంసం ప్యాకెట్లను మొదట తాండూరులోని ఒక ఆడపిల్లల హాస్టల్‌కు పంపాం. అప్పట్లో బిళ్ళను ప్యాకెట్ మూత పైన, సన్నటి రంధ్రాల మీద అతికించేవాళ్ళం. తాండూరులో నాపరాయి కోసే యూనిట్ల దుమ్ము అన్నిటి మీదా వాలుతుంది. అది సున్నపురాయి దుమ్ము, క్షార గుణం ఉన్నది. తడి మూత మీద పడితే తాజా మాంసం పైని బిళ్ళ కూడా పచ్చబడేది. అక్కడి వంటమనిషి బాలమణి ప్రతిసారీ ఫోన్ చేసేది.

"మీ బిళ్ళ తొండ లెక్క రంగులు మారుస్తుంది సార్. దీన్ని నమ్మాల్నా, నా ముక్కును నమ్మాల్నా?" అని నవ్వేది.

మొదట్లో నేనే వెళ్ళి పరీక్షించాను. దుమ్ము తుడిస్తే బిళ్ళ పచ్చదనం పోయేది, మాంసం బాగానే ఉండేది. తర్వాత వెళ్ళడం మానేసి, దుమ్ము తుడిచి వండమని ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. ఈ చిక్కు పోవాలంటే బిళ్ళను మూత లోపలివైపు పెట్టాలని ప్రతిపాదించిందీ నేనే.

ఒక ఆదివారం పొద్దున బాలమణి మళ్ళీ ఫోన్ చేసింది. "సార్, అన్నీ పచ్చగైనయి. తుడిస్తే పోతలేదు. వాసన గూడ జర తేడా ఉంది."

మూసిన ప్యాకెట్ విప్పగానే కొంత వాసన రావడం మామూలే. అదే చెప్పాను. రాయి దుమ్మేనని, కడిగి వండమని అన్నాను. "మీరు చెప్తున్నరు గద, వండుత" అని పెట్టేసింది.

కాసేపటికి గోదాములోకి వెళ్తే పాత మూతల పెట్టెలు ఖాళీగా కనిపించాయి. సూపర్‌వైజర్‌ను అడిగితే, "నిన్నటి లోడ్ సంది కొత్తయే పోతున్నయి సార్. మీరే గద పెట్టుమన్నది" అన్నాడు. లోపలి బిళ్ళకు దుమ్ము అంటదు. తుడిస్తే పోవడం లేదని బాలమణి చెప్పింది అందుకే. మూతలు ఎప్పుడు మారతాయో కనుక్కుని హాస్టల్‌కు ముందే కబురు చేయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

బాలమణి ఫోన్ ఎత్తలేదు. వార్డెన్ ఫోన్ స్విచాఫ్. కారు తీశాను. ఉడికిస్తే క్రిములు చస్తాయి, కానీ అవి విడిచిన విషం కొన్నిసార్లు వేడికి కూడా పోదు. తెలిసినవాణ్ణి కాబట్టి నా భయం ఇంకా పెద్దది. దారిలో పెద్దేముల్ దగ్గర షేర్ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

నేను చేరేసరికి చిన్న తరగతుల పిల్లలు తింటున్నారు. గరిటె పట్టుకున్న బాలమణి చేయి పట్టుకున్నాను. "ఏమైంది సార్, గిట్ల ఉరికొచ్చినరు?" అంది.

మాంసం మీద అనుమానం ఉందని మాత్రం చెప్పాను. తిన్నవాళ్ళందరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. వార్డెన్ బాలమణి మీద పడింది. "పచ్చగైంది కనపడలేదా నీకు? కండ్లు యాడ పెట్టుకున్నవ్?" బాలమణి నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేను మాట్లాడలేదు. ఏ పిల్లకైనా ఏమైనా అయితే అది నా మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను. ఆ ఘడియలో పిల్లల కోసం పడ్డ భయం ఎంతో, నా కోసం పడ్డ భయం ఎంతో విడదీసి చెప్పలేను.

ఒక చిన్నపిల్ల మాట్లాడించినా పలకని స్థితికి వచ్చింది. మాంసం చెడిందని ఖాయంగా తెలుసా, లేక అనుమానమా, తెలిస్తేగాని మందు తేల్చలేనని డాక్టర్ గట్టిగా అడిగాడు. అప్పుడు చెప్పాను. బిళ్ళ పచ్చబడిన సంగతి ఫోన్‌లో విన్నానని, చూడకుండానే వండమన్నది నేనేనని.

మర్నాటికి ఆ పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. అందరూ కోలుకున్నారు. విచారణలో వ్యాన్ కూలింగ్ దారిలో ఆగిపోయిందని తేలింది. తప్పు వ్యాన్‌దేనని రాసి వదిలేయమని పైవాళ్ళు సూచించారు. నేను నా ఫోన్ మాటలు కూడా రాసి సంతకం చేశాను.

బాలమణి ఆ తర్వాత నాకు ఫోన్ చేయలేదు. పచ్చబడిన ప్యాకెట్‌ను ఎవరినీ అడక్కుండా పారేసేదని విన్నాను. చేయవలసింది అదే. తప్పుడు హెచ్చరిక నాలుగుసార్లు చూసినవాడు అయిదోసారి చూడటం మానేస్తాడు. పచ్చబడితే వంట ఆపాలి, కారణం తర్వాత వెతకాలి. గుర్తు మారిస్తే, దాన్ని చూసి వండేవాళ్ళకు ముందు చెప్పాలి.