గుంటలో కుళాయి

మా పెద్దమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. బస్సు ఆగేచోట ఆమె టీకొట్టు. అక్కడ ఎవరైనా నోటికొచ్చినట్టు వాగుతుంటే, "గ్లాసు ఖాళీ అయిందా బాబూ?" అని మెల్లగా అడుగుతుంది. ఎంతటివాడైనా లేచి పోవాల్సిందే. బడి మానేసినప్పటి నుంచి నేను ఆమె దగ్గరే గ్లాసులు కడుగుతున్నాను. నేను మాట్లాడేది తక్కువ. "మా పిల్ల నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం" అని అందరితో చెబుతుంది పెద్దమ్మ.

మా వీధి ఊరి చివర. ట్యాంకు ఊరి మొదట్లో, ఊరిపెద్ద ఇంటి పక్కనే. ఆయనా, ఆయన చుట్టాలూ కుళాయి గొట్టానికే మోటార్లు బిగించుకున్నారు. వాళ్ళ మేడల మీది తొట్లు నిండాక మిగిలిన నీళ్ళే మాకు. ఒకప్పుడు మా కుళాయి నడుమెత్తున ఉండేది. ధార సన్నబడినకొద్దీ గొట్టాన్ని కోసి కిందికి దించుకుంటూ వచ్చాం. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ మాటే నమ్ముకుని చివరికి గుంట తవ్వి, అందులో దిగి బిందె పెట్టుకుంటున్నాం. వీధిలో ఏ ఇంటి ముందు చూసినా అలాంటి గుంటే. కాలువ పొంగినప్పుడల్లా గుంట నిండుతుంది. చెంబుతో తోడిపోసి మళ్ళీ బిందె పెడతాం. కొట్టు గ్లాసులు కూడా నేను ఆ గుంట అంచునే కడిగేదాన్ని.

మా పక్కింటి దర్జీ కూతురికి పచ్చకామెర్లు వచ్చాయి. ఆ వెనకే వీధిలో ఇంకొందరికీ వచ్చాయి. ఊరిపెద్ద మనుషుల్ని వెంటేసుకొచ్చి కొట్టుకు తాళం వేయించాడు.

"నీ టీ తాగినవాళ్ళకే వచ్చిందటక్కా. జనం అంటున్నారు."

"నీ కొడుకు రోజూ రెండుపూటలా తాగుతాడు తమ్ముడూ. వాడు దుక్కలా ఉన్నాడుగా. దర్జీ పిల్లకు టీ వాసనే పడదు, అది మంచాన పడింది."

"అవన్నీ నాకెందుకు? నీళ్ళ పరీక్ష చేయిస్తా. నీళ్ళలో దోషముంటే కొట్టు తెరుచుకో."

ఆ కొట్టు తప్ప మాకింకే ఆధారమూ లేదు. అందుకే నీళ్ళ ఆఫీసు నుంచి పరీక్షాయన వచ్చిన రోజు పెద్దమ్మ అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. ఆయన నేరుగా ఊరిపెద్ద పెరట్లోకి నడిచాడు. కుళాయి మూతి తుడిచి, కాసేపు నీళ్ళు వదిలేసి, సీసా పట్టుకున్నాడు. తర్వాత ఫలితం వచ్చింది. నీళ్ళు మంచివట. అంటే చెడ్డది మా టీ.

పెద్దమ్మ ఆఫీసుకు వెళ్ళి ఆయన్ను వదలకుండా బతిమాలి మా వీధికి తీసుకొచ్చింది. ఆయన గుంటలోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు.

"కప్పలు కాపురం చేసేలా ఉందే. ఎవరు తవ్వారు దీన్ని?"

"మేమే బాబూ. పైకి నీళ్ళెక్కవు."

"మరి తప్పు మీదేగా. పైన నీళ్ళు ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది. మీ గుంటలో ఉన్నదంతా లోపలికి లాక్కుంటుంది. రేపు అదే పక్కింట్లో దిగుతుంది."

"ఆ మాటే రాసివ్వు. ఇక్కడ సీసా పట్టు."

"గుంట కుళాయిలో పట్టకూడదమ్మా. ఆఫీసు ఒప్పుకోదు."

విషం ఇంటింటికీ ఎలా పాకుతుందో విడమరిచి చెప్పిన మనిషి, ఆ విషాన్ని సీసాలో పట్టనని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ దవడ ఎముక కదలడం చూశాను.

మర్నాడు కుళాయి ఆగే వేళకు నేను గుంట దగ్గరే కూర్చున్నాను. బట్టలుతికిన నురగ గుంటలో తేలుతోంది. ధార తెగిపోయింది. కుళాయి మూతి గుటకలు వేసినట్టు చప్పుడు చేసింది. నురగంతా అటు జరిగి, నా కళ్ళముందే లోపలికి పోయింది. పెద్దమ్మను పిలిచి చూపించాను. దర్జీ భార్య చాలారోజులుగా వేసే జోకు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది: "మాకు సబ్బు ఖర్చు తప్పింది వదినా, పొద్దున్నే నురగతో సహా వస్తున్నాయి నీళ్ళు."

పెద్దమ్మ పార తీసుకుంది. కుళాయికి బిరడా బిగించి, గుంట పూడ్చడం మొదలుపెట్టింది. దర్జీ భార్య పరుగున వచ్చింది.

"నీకేమన్నా మతిపోయిందా వదినా? రేపు నీళ్ళెలా?"

"నా గుంట నీళ్ళు నీ కూతురు తాగింది." ఆ మాట నాకే సరిగా వినబడలేదు. "మీ గుంటవి ఆ అవతలింటివాళ్ళు తాగుతున్నారు. పూడ్చు."

"మరి గొంతు తడుపుకునేదెలా?"

"మంచి నీళ్ళున్నాయని ఆఫీసే చెప్పిందిగా. అక్కడికే పోదాం."

మరుసటి ఉదయం పెద్దమ్మ పొయ్యి, గిన్నెలు నెత్తికెత్తుకుంది. బిందెలతో వీధంతా వెనకే నడిచింది. ఊరిపెద్ద పెరటి గేటు పక్కనే పొయ్యి పెట్టి, లోపలున్న కుళాయి కింద మొదటి బిందె పెట్టింది. ఊరిపెద్ద లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఏంటక్కా ఈ జాతర?"

"పరీక్షలో నెగ్గిన కుళాయి ఇదొక్కటే తమ్ముడూ. పిల్లల్ని చంపుకోలేం కదా."

ఆయన ఆమెను పక్కకు పిలిచాడు. జేబులోంచి కొట్టు తాళంచెవి తీశాడు. "తీసుకో. కొట్టు తెరుచుకో. వీళ్ళను తీసుకుపో. మోటార్ల ఊసు మాత్రం ఎత్తొద్దు."

ఆ తాళంచెవి కోసమే మేం ఇన్నాళ్ళూ పస్తులున్నాం. నేను పెద్దమ్మ చేతుల వైపే చూస్తున్నాను. ఆ చేతులు పొయ్యిలో పుల్లలు ఎగదోశాయి.

"దాన్ని నీ దగ్గరే ఉంచుకో, పెద్దమనిషీ. నేనీ పొయ్యి ఇక్కడే వెలిగిస్తా."

"ఎన్నాళ్ళు?"

"మోటార్లు పీకేదాకా."

ఆయన లోపలికి పోయి మోటారు వేశాడు. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది, బిందె మీద బిందె నిండుతోంది. నీళ్ళందక మోటారు ఊరికే గురగురమని ఆగిపోయింది. కాసేపటికి ఆయన భార్య ఖాళీ బిందెతో వచ్చి వరుస మొదట్లో నిలబడబోయింది. దర్జీ భార్య జరగలేదు. ఆమె కూతురి కళ్ళు ఇంకా పసుపుగానే ఉన్నాయి.

పెద్దమ్మ టీ వడకడుతూ తలెత్తకుండానే అంది, చాలా మెల్లగా.

"చివరికి వెళ్ళమ్మా. మేమెప్పుడూ అక్కడే ఉండేవాళ్ళం."