మిరప కళ్లంలో వాన సినిమా

ఆ రోజుల్లో మా ఊళ్లో వీధికొక డైరెక్టరు ఉండేవాడు. చేతికి కెమెరా ఫోన్ అందిన ప్రతి కుర్రాడూ ఒక షార్ట్ ఫిల్మ్ తీసేవాడు, అందులో హీరో ప్రేమలో ఓడిపోయి పత్తి చేలో ఒంటరిగా నడిచేవాడు. నేను ఆ బాపతు కాదని నాకు గట్టి నమ్మకం. ఇంటర్‌తో చదువు ఆపేసి పురుగుమందుల కొట్లో పనికి కుదిరినా, సాయంత్రమైతే లైబ్రరీలో మూడో బీరువా ముందు ఉండేవాణ్ణి. (మొదటి రెండు బీరువాలూ అప్పటికే పూర్తి చేశాను. ఈ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి.) ఆ మూడో బీరువాలోనే అట్ట ఊడిపోయిన అనువాద కథల పుస్తకమొకటి దొరికింది. అందులో ఒక పాత కథ: ఏళ్ల తరబడి చినుకు లేని ఏదో దేశంలో ఊరంతా వలసపోతుంది. ఒక ముసలమ్మ మాత్రం రోజూ పొద్దున్నే చూరు కింద కుండ పెట్టి, ‘ఇవాళ వాన వస్తుంది’ అనుకుంటూ కూర్చుంటుంది. ఆఖరి వాక్యంలో ఆ కుండలో ఒక చుక్క పడుతుంది. అంతే కథ. చదివి కళ్లు తుడుచుకుని, ఆశ అంటే ఏమిటో లోకానికి నేనే చెప్పాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. సినిమా తీసుకొస్తే ఉగాది నాడు లైబ్రరీలో తెర కట్టి వేస్తానని లైబ్రేరియన్ గారు మాటిచ్చారు.

కెమెరా మా లెన్సుగాడిది. పెళ్లి వీడియోలు తీసేవాడు కాబట్టి ఆ పేరు. ముసలమ్మ వేషానికి మా పెద్దత్త, అంటే నాన్నకి అక్క. ఆవిడ ముఖంలో కరువు లేదు గానీ, ఆవిడ కళ్లంలో చూరున్న తాటాకు పాక ఉంది. పైగా మిరపకాయలు ఆరబోసిన ఆ నెలంతా కాపలాకి పొద్దస్తమానం అక్కడే కూర్చునేది. పాక ముందు నేలంతా ఎర్రటి తివాచీ పరిచినట్టు కాయ. కరువు దేశంలో అంత పంట ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని, కాయ ఫ్రేములోకి రాకుండా తీయమని లెన్సుగాడికి పదేపదే చెప్పాను. నా తెలివి అంతవరకే పనిచేసింది. కళ్లంలో కాయ ఉన్నన్నాళ్లూ మా వైపు ఎవరూ వాన పేరెత్తరన్న సంగతి, పుట్టి పెరిగిన ఊరే అయినా, నా బుర్రకి తట్టలేదు. మబ్బు పట్టినా ‘పైన కాస్త నల్లబడింది’ అంటారే తప్ప ఆ మాట అనరు. తడిసిన కాయ తెల్లబడి తాలవుతుంది. తాలు కాయని మార్కెట్ యార్డులో చులకనగా చూస్తారు. పెద్దత్తకి ఆ ఏటి బతుకంతా ఆ ఎర్ర తివాచీయే.

“అత్తా, కుండ పెట్టి, పైకి చూసి, ‘ఇవాళ వాన వస్తుంది’ అనాలి,” అన్నాను.

పెద్దత్త నన్ను ఎగాదిగా చూసింది. “ఏందిరా నువ్వనేది? కాయ ఎదురుగా పెట్టుకుని ఆ మాట నా నోటెంట రావాలా?”

“అది నువ్వు కాదత్తా, కథలో ముసలమ్మ.”

“ఆవిడకి మిరప చేను ఉందా?”

“లేదు.”

“మరి ఆవిడ ఎన్నన్నా అంటది.”

కెమెరా తిరిగింది. పెద్దత్త కుండ పెట్టింది, పైకి చూసింది, గంభీరంగా, “ఇవాళ రాదు,” అంది. మళ్లీ తీశాం. “వారం దాకా రాదు,” అంది. లెన్సుగాడు కెమెరా వెనక వంగి వంగి నవ్వుతున్నాడు. ఆశ గురించి, ప్రపంచ సాహిత్యంలో దాని స్థానం గురించి నేనొక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. (రెండో బీరువా, పై అర.) అంతా విని, “ఆశ నాకూ ఉందిలే నాయనా, నీ అంత సదువు లేదంతే,” అంది. చివరికి మాట లేకుండా చూపు చాలని రాజీ పడ్డాను. ఆఖరి చుక్క కోసం కొట్లో నుంచి కొత్త స్ప్రేయరు అడిగి తెచ్చి నీళ్లు నింపుకున్నాను. అది చూసి పెద్దత్త, “కాయ మీద చెమ్మ తగిలిందా, నిన్ను కూడా ఈ కళ్లంలోనే ఆరబోస్తా,” అంది.

ట్రైపాడు మీద కెమెరా ఆన్ చేశామో లేదో, పడమటి నుంచి చల్లగాలి తగిలింది. చూస్తుండగానే ఆకాశం సగం నల్లబడింది. నిజం మబ్బు! స్ప్రేయరు అక్కర్లేదు. “ఒరేయ్, ప్రకృతే మనకి సహకరిస్తోంది రా,” అని లెన్సుగాడి భుజం పట్టుకున్నాను. వాడప్పటికే చెప్పులు వదిలి కాయ మీద కప్పే పట్టాల కోసం పరిగెత్తుతున్నాడు. వాళ్ల నాన్నదీ మిరపే. నేను ఒక క్షణం కెమెరా వైపు, ఒక క్షణం కాయ వైపు చూశాను. ఈలోగా పెద్దత్త అరిచిన అరుపుకి సాహిత్యం ఎగిరిపోయి నేనూ కళ్లంలో పడ్డాను. కాయ పోగుచేసి పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి ఘాటుకి తుమ్ములే తుమ్ములు. మోకాళ్ల నొప్పులతో పెద్దత్త చూరు కింద నిలబడి మా ఇద్దర్నీ అదిలించింది. పని అయ్యాక కుండ పక్కన కూలబడి, దాని మీద చెయ్యి ఆనించి పైకి చూస్తూ ఉండిపోయింది. మబ్బు మా నెత్తి మీదుగా వెళ్లిపోయింది. ఒక్క చినుకూ రాలలేదు.

కెమెరా ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. అందులో మిగిలింది పెద్దత్త ముఖం. మెడ నరాలు బిగిసి, కళ్లు రెండూ ఆకాశానికి వేలాడదీసినట్టు, పెదవులు సన్నగా కదుపుతూ ఉంది. అసలు ధ్వనిలో “ఒరే, ఆ మూల లాగండ్రా, మీ సినిమా తగలెయ్య” అని ఉంది కాబట్టి దాన్ని తీసేసి వేణువు పెట్టాం. ఉగాది నాడు లైబ్రరీలో తెర కట్టి వేశారు. ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, “వాన చూపించకపోవడంలోనే ఉందండీ ఈ కథ గొప్పతనం. ఆ తల్లి వాన కోసం ఎలా ప్రార్థిస్తోందో చూశారా,” అని కళ్లు తుడుచుకున్నారు. నేను అది ముందే అనుకున్నదన్నట్టు తలూపాను. పక్కనే కూర్చున్న పెద్దత్త నా చెవిలో, “నేను ‘పోమ్మా, పక్కూరికి పో’ అన్నా రా,” అంది.

ఇప్పుడు కొట్టు పనితోపాటు నాకూ కాస్త కౌలు మిరప ఉంది. మొన్న కాయ ఆరబోసిన రోజున పడమట నల్లబడింది. పట్టా కొస పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ, “ఏమిటండీ అట్టా చూస్తున్నారు?” అంటే గానీ నా చూపు కిందికి దిగలేదు. అప్పటి నాలోని ఆ డైరెక్టరు కుర్రాడు అక్కడుంటే వదిలేవాడు కాదు. పట్టా వదిలి, గడ్డం కాస్త పైకెత్తమనేవాడు.