పగిలిన ముక్కల బీరువా

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగగానే, పక్కన ఆగి ఉన్న మామిడికాయల లారీలోంచి చిన్నరసాల సొన వాసన ఘాటుగా తగిలింది. దూరం జరగాల్సింది పోయి ఇంకాస్త దగ్గరికి నడిచాను. మా ఫోర్‌మన్ సుబ్బారాయుడు గారు వేసవి సెలవుల నుంచి బెంగళూరు తిరిగొచ్చినప్పుడు ఆయన సంచీ, చొక్కా, చివరికి ఆయన ముట్టుకున్న కాగితాలు కూడా ఇదే వాసన వేసేవి. ఆయనది ఇక్కడికి దగ్గర్లోని ముసునూరు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇంజినీరింగు నేను కాలేజీలో చదివాను గానీ పని నేర్పింది ఆయనే.

మన దేశం సొంతంగా తయారుచేసుకుంటున్న యుద్ధవిమానానికి ఇంజను బ్లేడ్లు చేయడం మా విభాగం పని. ఆ విద్య నేర్పుతామని ఒక విదేశీ కంపెనీ ఒప్పందం రాసుకుంటే, మా ఇద్దరినీ అక్కడికి పంపారు. వాళ్లు చెప్పిన ప్రతి మాటా నేను నోటుబుక్కులో ఎక్కించుకుంటుంటే, ఆయన మాత్రం వాళ్లు పారేసిన బ్లేడ్ల డబ్బా చుట్టూ తిరిగేవారు. అవి చూపించడం ఒప్పందంలో లేదంటూ వాళ్లు డబ్బాకి మూత పెట్టేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“మన పరువు పోతోందండీ,” అన్నాను.

“మా నాన్న మామిడితోటలో కూలీ అమ్మా. కాయ కొనేవాళ్లు వస్తే గంపల వంక చూసేవాళ్లు కాదు, ఏరి పారేసిన కుప్ప దగ్గర కూర్చునేవాళ్లు. తోటకి ఏం తెగులుందో అక్కడే తెలిసేది. వీళ్లు మంచికాయే చూపిస్తున్నారు,” అన్నారు.

తిరిగొచ్చి, కాగితాల్లో ఉన్నది ఉన్నట్టే చేశాం. కొలిమిలోంచి తీసి చల్లార్చగానే ప్రతి బ్లేడూ అడ్డంగా రెండు ముక్కలైంది. ఆయన వాటిని కరిగించనివ్వలేదు. ఇనుప బీరువాలో పేర్చి ఒక్కోదానికీ చీటీ కట్టించారు: ఎంత వేడి పెట్టారు, ఎంతసేపు, ఎవరు చేశారు. నా పేరున్న చీటీలు పెరుగుతుంటే ఆ బీరువా వైపు వెళ్లాలంటేనే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లినప్పుడు కరెంటు పోయి కొలిమి ఆగిపోయింది. బయటికి తీసి గాలితో చల్లార్చాల్సిన నా బ్లేడు కొలిమిలోనే ఉండిపోయి, దానంతటదే చల్లారింది. తీసి చూస్తే వెంట్రుకంత చీలిక. నా అజాగ్రత్త బయటపడుతుందని, చీటీ కట్టకుండా తుక్కులో పడేశాను.

నెలలు గడిచాయి. మన వల్ల కాదు, బ్లేడ్లు బయటే కొందామని పైవాళ్లు అనడం మొదలుపెట్టారు. మా విభాగం మూతపడబోతోందని తెలిసిన రోజున ఉండబట్టలేక ఆయనకు అంతా చెప్పేశాను.

“చీలికేనా? ముక్కలు కాలేదా?” అన్నారు.

“లేదండీ.”

“మెల్లగా చల్లారింది కాబట్టి నిలబడింది. ఆ సంగతే వాళ్లు కాగితంలో రాయలేదు,” అన్నారు. తర్వాత, తిట్టినా బాగుండేదనిపించేంత నెమ్మదిగా అన్నారు: “ఇక్కడ దాస్తే మనం బతికిపోతాం. రేపు అది పైన పగులుద్ది. లోపల కూర్చున్నోడు ఏం చేస్తాడమ్మా?”

నాకు ఏడుపు ఆగలేదు. మర్నాటి నుంచి చల్లార్చే వేగం తగ్గించుకుంటూ పోయాం. మళ్లీ ఎన్నో పగిలాయి, అన్నిటికీ నేనే చీటీలు కట్టాను. విభాగం మూతపడేలోపే చివరికి ఒకటి నిలిచింది.

ఆ బ్లేడ్లున్న విమానం మొదటిసారి లేచిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. సుబ్బారాయుడు గారు చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నారు. చక్రాలు నేలను తాకాక, పైలట్ మెట్లు దిగి నిలబడ్డాక, అప్పుడు ఒక్కరే కొట్టారు. ఆ తర్వాత ఎన్నో విమానాలు లేవడం చూశాను. ఇప్పటికీ లోపలి మనిషి దిగి నేల మీద నిలబడేదాకా చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు రావు.