తెడ్డు చప్పుడుకు లేచే మొసలి

ఆ రోజుల్లో మెడలో ఒక దుర్భిణీ వేలాడుతుంటే చాలు, లోకంలో నాకు తెలియని సంగతి లేదనే ధైర్యం ఉండేది. ఇప్పుడు మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది, ధైర్యం మాత్రం లేదు. డిగ్రీ అయిపోయి, నస్పూర్‌లో మా క్వార్టర్ అరుగు మీద ఏడాదిన్నర కూర్చున్నాక దొరికిన మొదటి ఉద్యోగం అది. ఖానాపూర్ అవతల, అడవి అంచున ఉన్న జలాశయంలో పట్నం వాళ్లను ఆరుగురేసి కనూలనే సన్నటి పడవల్లో తిప్పి, పక్షులనూ జంతువులనూ చూపించే గైడు పని. మూడు నెలలు చూసి, ఆ తర్వాత ఉంచాలో పంపాలో తేలుస్తామన్నారు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసిన మా బాపు ఆ మాట దాచేసి, "మావోడు అడవి ఆఫీసర్ అయిండు" అని ఫస్ట్ షిఫ్టుకూ సెకండ్ షిఫ్టుకూ నైట్ షిఫ్టుకూ విడివిడిగా చెప్పుకొచ్చాడు. ఇక ఏ ముఖం పెట్టుకుని తిరిగి ఆ అరుగెక్కను? (ఆ ఆఫీసర్‌కు ఈత రాదన్న సంగతి కూడా బాపుకు తెలుసు. అదీ ఎవరికీ చెప్పలేదు.)

మా యజమానికి నేను పెట్టుకున్న పేరు సైలెన్స్ సార్. అడవిలో నిశ్శబ్దం ఎంత ముఖ్యమో వచ్చిన వాళ్లందరికీ ఒడ్డు మీద నిలబడి అరగంట గొంతు చించుకుని చెప్పేవాడు. ఆయన అచ్చువేయించిన కాగితం మీద 'మొసలిని దాని ఇంట్లోనే కలవండి' అని ఉండేది. మొసలికి ఆ కాగితం ఎవరూ చూపించినట్టు లేదు. జలాశయం మధ్యలో బండ మీద ఒకరోజు ఎండ కాచుకునేది, నాలుగు రోజులు జాడ ఉండేది కాదు. నేను పుస్తకంలో బట్టీపట్టిన పక్షుల పేర్లు వరసగా చెబుతుంటే, వచ్చినవాళ్లు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "మొసలెప్పుడు బ్రో?" అనేవాళ్లు. కనిపించకపోతే తిరుగు ప్రయాణంలో జీపులో కూర్చునే ఒక నక్షత్రం రేటింగు ఇచ్చి పోయేవాళ్లు. రెండో నెలలో సైలెన్స్ సార్ నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి మొసలి కనపడకపోతే ఇక్కడ నువ్వూ కనపడవు" అన్నాడు.

ఇంకో పడవ నడిపే పెద్దాయన్ని నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆ నీళ్ల మీదే పుట్టి పెరిగిన చేపలాయన, నిజానికి మా ఇద్దరిలో గైడు ఆయనే. నాకు పుస్తకం చూస్తే గానీ తెలియని పిట్టను ఆయన దాని కూత వినే గుర్తుపట్టేవాడు. కాకపోతే ఇంగ్లీషు నాకు వచ్చు, కాబట్టి దుర్భిణీ నా మెడలో ఉండేది. మేం పడవలు కట్టేశాక, పొద్దుగూకేలోపు మామ తన తెప్ప వేసుకుని వేటకు పోయేవాడు. నీళ్లలో వలను వంపుగా దించి, తెప్ప అంచును కట్టెతో టక్ టక్‌మని కొడితే ఆ చప్పుడుకు బెదిరిన చేపలు పోయి వలలో పడతాయి. అక్కడి చేపలవాళ్ల పద్ధతే అది. నేను రోజూ ఒడ్డున కూర్చుని చూసేవాణ్ణి. చూసి నేర్చుకోవాల్సింది నేర్చుకోకుండా ఇంకేదో నేర్చుకున్నాను.

సార్ బెదిరించిన మర్నాటి నుంచి పొద్దున్నే ఖానాపూర్ చేపల బజారుకు పోయి, పేగులూ తలకాయలూ ఒక కవర్లో కట్టించుకుని వచ్చి, ఒకదాని మీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఒక్కణ్ణే బండ దాకా పోయేవాణ్ణి. పడవ అంచు మీద తెడ్డుతో రెండు దెబ్బలు కొట్టి కవరు గుమ్మరించేవాణ్ణి. ఇరవై రోజులు తిరక్కుండానే నా చప్పుడుకు మొసలి రావడం మొదలుపెట్టింది. ఇక నా వైభవం చూడాలి! పట్నం వాళ్లతో బండ దగ్గరికి రాగానే చేయి పైకెత్తి, కళ్లు మూసుకుని, గాలి వాసన చూసి, "ఇక్కడే ఎక్కడో ఉంది" అనేవాణ్ణి. తెడ్డు ఏదో పొరపాటున తగిలినట్టు టక్ టక్. నీళ్లలోంచి మొసలి! అందరూ ఫోటోల్లో మునిగి ఉండగా దాని కూలి దానికి సీటు కిందినుంచి జారవిడిచేవాణ్ణి. 'ఈయన జంతువుల మనసు చదువుతాడు' అని ఒకావిడ అయిదు నక్షత్రాలిచ్చి రాసింది. అది బాపుకు చదివి వినిపించాను. సిగ్గు లేదు.

మామ మాత్రం ఒకరోజు నా కవరు వైపు చూసి, "సారూ, జర ఆలోచన చెయ్యి. దానికి గట్ల అలవాటు చెయ్యకు. నేను గూడ గీ నీళ్ల మీదనే బతుకుతున్న" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు మామా, అంతా సైన్సు ప్రకారం నడుస్తుంది" అన్నాను. ఆ మాట అంటూ ఆయన భుజం కూడా తట్టాను.

మూడో నెల చివరి వారం, నా సంగతి తేల్చడానికి సైలెన్స్ సార్ తానే ఆరుగురు గొప్పవాళ్లను వెంటేసుకుని వచ్చాడు. దారిలో జీపులో వాసన పట్టి, నా కవరు బయటికి లాగి, "అడవిలోకి ప్లాస్టిక్ తెస్తావా?" అని మండిపడి, దాన్ని అడవిలోకే విసిరేశాడు. సరే, ఈరోజుకు తెడ్డు కొట్టకుండా పక్షులతో గట్టెక్కుదామనుకున్నాను. కానీ వచ్చినవాళ్లు తామే తెడ్లు వేస్తామని పట్టుబట్టారు, జన్మలో తెడ్డు పట్టినవాళ్లు కారు. వేసిన ప్రతి తెడ్డూ పోయి పడవ అంచుకే తగిలింది. రెండు పడవల నుంచీ టక్, టక్ టక్, టకటకటక! మొసలి ఏమనుకుని ఉంటుంది? పెద్ద విందు అనుకుని ఉంటుంది. బండ మీదినుంచి జారి, నీళ్లు చీల్చుకుంటూ వచ్చింది. మొదట ఫోటోలు తీసుకున్నారు. ఇంకా దగ్గరికి రాగానే కేకలు మొదలయ్యాయి. భయపడి వెనక్కి తోయబోతే తెడ్లు ఇంకా గట్టిగా తగిలాయి. "సైలెన్స్! సైలెన్స్!" అని అందరికంటే ఎక్కువ అరిచింది ఎవరో చెప్పక్కర్లేదు. మొసలి వాళ్లెవరినీ లెక్కచేయకుండా నేరుగా నా పడవ పక్కకు, రోజూ కవరు జారే చోటికి వచ్చి, నోరు కొంచెం తెరిచి నిలబడింది.

ఆ క్షణం నాకు ఉద్యోగం గుర్తు రాలేదు, ఈత గుర్తొచ్చింది. "తెడ్లు పైకెత్తండి! అంచుకు తగలనీయొద్దు! చప్పుడు చేస్తే తిండి అనుకుంటుంది, నేనే అలవాటు చేశాను!" అని ఏడుపు గొంతుతో అరిచాను. తెడ్లన్నీ గాల్లోకి లేచాయి. సైలెన్స్ సార్ కోరుకున్న నిశ్శబ్దం ఆయనకు మొదటిసారి దొరికింది. మామ చప్పుడు లేకుండా పడవ పక్కకు తెచ్చి, సార్ ఒళ్లో ఉన్న కోడికూర డబ్బా తీసుకుని దూరంగా విసిరాడు. మొసలి అటు పోయింది. ఒడ్డుకు చేరగానే నా ఉద్యోగమూ పోయింది.

లైఫ్ జాకెట్లు అప్పజెప్పి, మామకు చెప్పిపోదామని వెళ్తే ఆయన ఒడ్డున వల ఒళ్లో వేసుకుని కుడుతున్నాడు. ఆ వల మధ్యలో పడ్డ కంతలోంచి నేను దూరి అవతలికి పోవచ్చు.

"ఏమైంది మామా?"

"ఏమైతది? చేపల కోసం తెప్ప కొడ్తే గా మొసలి వస్తున్నది. మూడు వలలు చింపింది. పది దినాల సంది వేట బందువెట్టిన."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే నీ నౌకరి పోతుండె గద బిడ్డా."

అప్పటిదాకా నన్ను సారూ అని దెప్పినవాడు మొదటిసారి బిడ్డా అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా అయిదు నక్షత్రాలన్నీ ఆ వల కంతల్లోంచి రాలినవే.

ట్రైనింగ్ పొడిగించారని బాపుకు చెప్పి ఆ ఎండాకాలం మామ ఇంట్లోనే ఉండిపోయాను. మొసలి అలవాటుకు మందు మామే చెప్పాడు. "ఉత్త చప్పుడు చెయ్యి. ఏం వెయ్యకు. ఎన్ని దినాలు నమ్ముతదో చూద్దాం." ఎత్తు గట్టు మీద కూర్చుని, కింద కట్టేసిన పాత పడవను పొడుగు వెదురుతో రోజూ పొద్దునా సాయంత్రం కొట్టేవాణ్ణి. మొసలి వచ్చేది, నా వైపు చూసేది, ఏమీ పడక తిరిగి పోయేది. దాని ముఖం చూస్తే పాపం అనిపించేది. కొన్నాళ్లకు సగం దూరం వచ్చి ఆగింది. తర్వాత బండ మీదే తల ఎత్తి ఊరుకుంది. రెండు నెలలకు తల ఎత్తడం కూడా మానేసింది. మామ తెప్ప మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ ఉద్యోగంలో నేను నిజాయితీగా చేసిన పని అదొక్కటే, అదీ ఉద్యోగం పోయాక.

ఇప్పుడు కరీంనగర్‌లో బీమా పాలసీలు అమ్ముతున్నాను. (అక్కడా మాటలే, కాకపోతే కవరు కాగితంది.) మొన్న చలికాలం మా పాపను తీసుకుని ఆ జలాశయానికి పోయాను. మామ తల నెరిసిపోయింది, చూపు మాత్రం అదే చూపు. తానే పడవ నడుపుతూ మమ్మల్ని బండ వైపు తీసుకుపోయాడు. అక్కడ మొసలి ఎండ కాచుకుంటోంది. పాప ముందు గొప్ప పోదామని నేనూ ఒక తెడ్డు అందుకున్నాను. చేయి జారి అంచుకు తగిలింది. టక్ టక్. మామా నేనూ ఒక్కసారే అటు చూశాం. మొసలి ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంది.

"అది మన దగ్గరికి రాదా తాతా?" అంది పాప.

"రాదు బిడ్డా. మీ బాపును గుర్తువట్టింది, గందుకే లేస్తలేదు" అన్నాడు మామ.

పాప పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. రెండు జాకెట్లు తొడుక్కుని, కళ్లు మూసుకుని గాలి వాసన చూసే ఆ పిల్లగాడు ఇవాళ వచ్చి నా తలుపు తట్టినా, నేనూ ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంటాను.