నల్లా వరుసలో ఇంగ్లీషు

ఎనభైల్లో మా కామాటిపుర చాల్‌లో, ఆ వరుస గదుల ఇళ్లన్నిటికీ కలిపి ఉన్న ఒక్క నల్లా ఉదయం ఐదుంబావుకు వచ్చేది. మా వదిన బిందెల వరుసలో నిలబడే ఇంగ్లీషు పరీక్షకు చదివేది. అప్పటికి రెండుసార్లు మెట్రిక్ తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేసి కూలికి రావాలని అమ్మ చెప్పేసింది. పుస్తకంలో పూరించాల్సిన ఖాళీలు అయిపోతే, వరుసలో ఉన్నవాళ్ల మీద వదిన తనే వాక్యాలు కట్టేది.

“ది వుమన్ హూ టుక్ మై బిందె ఈజ్ మై మదరిన్‌లా.”

“నన్నేమంటున్నవే?” అంది అమ్మ.

“మనిషంటున్న అత్తమ్మా. మనుషులకు ‘హూ’ పెట్టాలె. బిందెకైతే ‘విచ్’.”

“మనిషినని ఒప్పుకున్నవ్, సాలు. ఇగ పాసయి సూపియ్యి.”

పరీక్ష రోజు పొద్దున వదినను పడుకోనిచ్చి, నీళ్లన్నీ అమ్మే మోసింది. వదిన పాసైంది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నల్లాలు ఇళ్లలోకే వచ్చాయి. పక్కవాళ్ల మీద ఇంగ్లీషు వాక్యాలు ఎవరూ కట్టడం లేదు.